తొట్టిలో చేపలు చనిపోతున్నాయా? ముందు ఏ వేళప్పుడో చూడండి

పెరట్లో వెయ్యి లీటర్ల తొట్టి, పక్కన గులకరాళ్ళ మడి, మధ్యలో చిన్న మోటారు. ఆక్వాపోనిక్స్ (చేపల తొట్టి నీళ్ళతోనే మొక్కలు పెంచే పద్ధతి) పెట్టుకున్నవాళ్ళు చేపలు పోగానే ఫోను చేసి "ఏం మందు వెయ్యాలండీ?" అంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ వేళప్పుడు పోయాయి? దీనికి జవాబు చెప్పేవాళ్ళు చాలా తక్కువ. పొద్దున్నే లేచేసరికి తేలి ఉన్నాయంటారు. తేలింది పొద్దునే, కానీ పోయింది ఎప్పుడు? చేప కన్ను చూడండి. తేటగా ఉంటే ఎక్కువసేపు కాలేదు. పాలలా తెల్లబడితే రాత్రో, నిన్న సాయంత్రమో పోయినట్టు. మందు కన్నా ముందు ఇది తేలాలి.

తెల్లవారుజామున నోళ్ళు పైకి పెడుతున్నాయి

ఆక్సిజన్ చాలడం లేదు. భీమవరం వైపు చెరువుల మీద పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి సూర్యోదయానికి ముందు అది బాగా పడిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ ఎక్కువ. ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ ఉండాలి. ముసురులో మేత సగానికి తగ్గించండి. కొరమేను పైకొచ్చి గాలి పీల్చడం మాత్రం దాని స్వభావం, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

నీళ్ళు పోసిన గంటలోనే పోయాయి

బ్లీచింగ్. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి నీళ్ళను మరీ అనుమానించాలి. ఒక రోజంతా డ్రమ్ములో గాలి పెట్టి ఉంచాకే తొట్టిలో పోయండి.

మొప్పలు కాఫీ రంగులోకి మారాయి

కొత్త తొట్టిలో మొదటి నెలన్నర లోపు ఇలా జరిగితే నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం). వెయ్యి లీటర్లకు కిలో కళ్ళుప్పు కరిగించి పోసి, మేత ఆపండి.

మధ్యాహ్నం మూడు దాటాక గిరగిరా తిరిగి ఒరిగిపోతున్నాయి

నన్ను రెండు బ్యాచ్‌ల రూప్‌చంద్ చేపలు పోయేదాకా ఏడిపించింది ఇదే.

కిందటి వేసవిలో మా బావగారూ ఇలాగే ఫోను చేశారు. "అమ్మోనియా నిన్నా 2 చూపించింది, ఇవాళా 2 చూపించింది. నిన్న బతికినవి ఇవాళ ఎందుకు పోయాయండీ?" నీళ్ళు పరీక్షించే కిట్ చూపించే ఆ 2 (లీటరుకు మిల్లీగ్రాములు) చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో చేరిన మొత్తం అమ్మోనియా. అందులో చేపను చంపే భాగం ఎంతన్నది పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) మీద ఉంటుంది. నీళ్ళు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 దగ్గర ఆ భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 దగ్గర 7 వంతులు, 8.5 దగ్గర 20. కిట్‌లో రంగు మారకుండానే విషం పాతిక రెట్లవుతుంది.

పీహెచ్ రోజంతా ఒకేలా ఉండదు. ఎండకు నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది, పీహెచ్ ఎక్కుతుంది. పొద్దున 7.8 చూపించిన తొట్టే సాయంత్రం 8.6 చూపిస్తుంది. అందరూ పొద్దున కాఫీ తాగి కొలుస్తారు! దయచేసి సాయంత్రం నాలుగింటికి కొలవండి. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఈ ఒక్క పనే.

అసలు పీహెచ్ అంత పైన ఎందుకుంది? అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆమ్లం వదులుతుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ పీహెచ్ దిగాలి. మూడు నెలలైనా 8 దగ్గరే ఉందంటే దాన్ని కింద నుంచి ఏదో ఎత్తి పట్టుకుంటోంది. నా తొట్టిలో అలా ఉంటే నేను యాసిడ్ చుక్కలు వేశాను. 7.2కి దిగింది, మూడో రోజుకి మళ్ళీ 8. మేత మార్చాను, ప్రోబయాటిక్ మార్చాను. గోంగూర లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఇనుము లోపమని ఇనుము కూడా పోశాను. పీహెచ్ ఎక్కువగా ఉంటే ఇనుము మొక్కకు అందదని అప్పుడు తట్టలేదు.

తప్పంతా గులకలో ఉంది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి తెచ్చిన గులక అది. తెల్లగా నున్నగా ఉన్న ముక్కల్ని రాళ్ళనుకున్నాను. అవి సముద్రపు గుల్లలు. గుల్ల కాల్చే కదా సున్నం చేసేది! నేను పోసిన యాసిడ్‌ను ఆ గుల్లే తినేసింది.

మీ మడి అడుగు నుంచి గుప్పెడు గులక తీయండి. చిన్న ముక్కలు అడుక్కే దిగుతాయి, అందుకే పైనుంచి తీస్తే లాభం లేదు. కడిగి ఆరబెట్టి గాజు గ్లాసులో వేసి, మునిగేదాకా తెల్ల వెనిగర్ పోసి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. రాళ్ళ మధ్య చిక్కుకున్న గాలి మొదట నాలుగు బుడగలుగా పోతుంది, అది లెక్కలోకి రాదు. ఒకే ముక్క మీద నుంచి సన్నటి బుడగలు సోడాలోలా వరసగా, నిమిషాల తరబడి లేస్తుంటే అది గుల్లో, సున్నపురాయో.

చేపలు ఇలా ఒరిగిపోతున్న రోజు చేయాల్సింది: మేత ఆపండి, తొట్టి మీద గ్రీన్ నెట్ కట్టండి, గాలి పెంచండి. చేపలున్న తొట్టిలో యాసిడ్ పోయొద్దు. నీళ్ళు మార్చాలంటే కంగారుగా బోరు నీళ్ళు పెట్టకండి. తోడగానే కొలిస్తే 7.2 చూపించే బోరు నీళ్ళు, బకెట్‌లో రాత్రంతా గాలి పెడితే 8.2కి ఎక్కడం చూశాను. వాన నీళ్ళు పట్టి ఉంటే అవే మంచివి.

తర్వాత గులక మార్చాలి. బావగారు ఒక్కరోజులో మొత్తం తోడేస్తానంటే ఆపాను. బ్యాక్టీరియా ఉండేది ఆ రాళ్ళ మీదే. సగం తీసి 20 ఎంఎం క్రషర్ నల్లరాయి వేసి, నెల ఆగి మిగతా సగం మార్చాలి. ఆ నెలంతా మేత సగమే. కొత్త రాయికీ వెనిగర్ పరీక్ష తప్పదు.

కొత్త సిమెంటు తొట్టి కూడా ఇదే పని చేస్తుంది. రెండు మూడు వారాలు నీళ్ళు నింపి, పారబోసి, మళ్ళీ నింపి, పీహెచ్ నిలిచాకే చేపలు వదలండి.

చేప పేను, పుండ్లు, తోకకుళ్ళు వంటివీ రావచ్చు. వచ్చినా ఎక్కువగా నీళ్ళు పాడయ్యాకే వస్తాయి. పైవన్నీ చూశాక వాటి సంగతి చూడొచ్చు.

నా మడిలో రెండో సగం మార్చిన రెండు నెలలకు సాయంత్రం పీహెచ్ 7.2కి వచ్చింది, గోంగూర చిగురు పచ్చబడింది. ఇప్పుడు 6.5 కన్నా దిగినప్పుడు, తీసి పక్కన పెట్టిన ఆ గుల్లనే గుప్పెడు వలసంచిలో కట్టి తొట్టిలో వేలాడదీస్తాను. 7 దాటగానే తీసేస్తాను.