చెక్కకు వార్నిష్ – 5వ పాఠం: పూతలో పడ్డ లోపాలు తీయడం

గత పాఠంలో నూనె వార్నిష్ రెండో పూత దాకా వచ్చాం. ఆరిన పలకను ఇప్పుడు ఒక పక్కనుంచి దీపం పెట్టి చూడండి. పైనుంచి నున్నగా కనిపించిన చోటే జారిన చుక్కలు, దుమ్ము గింజలు, బుడగలు బయటపడతాయి. ఆఖరి పూత ఇంకా వేయలేదు కాబట్టి కంగారు లేదు.

అన్నిటికంటే మొండిది జారిన చుక్క. పూత పచ్చిగా ఉండగానే కనబడితే, బ్రష్‌ను పిండి, దాంతో చుక్కను లాగేయండి. వేలికి జిగురు తగలడం మొదలైతే మాత్రం ఇక ముట్టుకోకండి. సగం ఆరిన వార్నిష్ మీద బ్రష్ పెడితే చిన్న చుక్క పోయి పెద్ద గాయం మిగులుతుంది. చేతులు ఊరుకోవు, నిజమే. పక్కగదిలోకి వెళ్లిపోవడం మంచిది.

చుక్క పైన పొర కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. చుట్టూ ఉన్న పూత ఒక్క రోజులో ఆరితే దీనికి కొన్ని రోజులు పట్టవచ్చు. గోరుతో నొక్కితే నొక్కు పడకూడదు. తొందరపడితే ఇసుక కాగితానికి బంకలా అంటుకుని, పొర చిరుగుతుంది. గట్టిపడ్డాక చుట్టూ టేపు అంటించి, బ్లేడును దాదాపు నిలువుగా పట్టి ఉబ్బును కొద్దికొద్దిగా గీకండి. మట్టానికి దగ్గరపడగానే టేపు తీసి, 320 నంబరు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దండి. వేలితో నొక్కి రుద్దితే ఉబ్బు పోదు, పక్కన గుంట పడుతుంది. పొడి తెల్లగా వస్తున్నంతసేపు మీరు వార్నిష్‌లోనే ఉన్నారు. చెక్క రంగు కనిపిస్తే అక్కడే ఆపండి.

తర్వాత ఆ ఒక్క చోటే పూత వేసి వదిలేద్దామనిపిస్తుంది. పాలీయురెథేన్‌లాంటి వార్నిష్‌తో అది కుదరదు. కొత్త పూత పాతదాన్ని కరిగించి అందులో కలవదు, దాని మీద విడిగా కూర్చుంటుంది. అతుకు అంచు వెలుతురులో తెలిసిపోతుంది. అందుకే పలకంతా తేలిగ్గా రుద్ది, పొడి తుడిచి, మొత్తానికి ఇంకో పూత వేయాలి. లక్క పాలిష్ అయితే కింది పూతను కరిగించుకుని కలిసిపోతుంది, కాబట్టి అక్కడ అతుకు దాచడం సులువు.

దుమ్ము గింజలకు ఇంత తంతు అక్కర్లేదు. 400 నంబరు కాగితంతో నాలుగు సార్లు తేలిగ్గా రుద్దితే పోతాయి. బుడగలూ అంతే. కాకపోతే అవి ఎందుకు వచ్చాయో చూసుకోండి: డబ్బాను కుదిపారా, బ్రష్‌ను డబ్బా అంచుకు గీశారా, ఎండలో వేశారా? వార్నిష్‌ను పుల్లతో నిదానంగా కలపాలి.

ఆగడం పనికిరాని లోపం ఒక్కటుంది. పూత వేస్తుండగానే అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి, మధ్యలో కింది పొర కనిపిస్తుంది. ఫర్నిచర్ మెరుపు కోసం వాడే స్ప్రేలలోని సిలికోన్ సాధారణంగా దీనికి కారణం. మీద ఇంకాస్త వార్నిష్ పులిమితే అదీ విడిపోతుంది. పచ్చిగా ఉండగానే టర్పెంటైన్ గుడ్డతో మొత్తం తుడిచేయండి. ఆరాక మైనం తీసిన లక్క ఒక పూత అడ్డుగా వేసి, దాని మీద మళ్లీ వార్నిష్ మొదలుపెట్టండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ఈసారి అభ్యాసం: పనికిరాని చెక్కముక్కను నిలువుగా నిలబెట్టి, కావాలనే చిక్కగా పూసి జారనివ్వండి. గట్టిపడ్డాక పైన చెప్పినట్టు తీయండి. వచ్చే పాఠంలో లాకర్ (lacquer) అనే మరో రకం పూత మీద వచ్చే తెల్లటి మసక సంగతి చూద్దాం.