అంతస్తు అనే మాట సరిగ్గా వాడడం ఎలా?

చుట్టుపక్కల వాళ్లకి టు-లెట్ ప్రకటనలు రాసిపెడుతుంటా, ఎన్నేళ్లయినా అందరూ ఈ మాట దగ్గరే తప్పు చేస్తున్నారు, అందుకే వరసగా చెప్తున్నా.

ముందు రాత. స కింద త వత్తు, అంతస్తు. అంతస్థు కాదు, వ్యాకరణంలో య ర ల వ లని అంతస్థాలంటారు, దానికీ ఇంటికీ సంబంధం లేదు.

తర్వాత అంకె. రెండంతస్తుల మేడ, ఏడంతస్తుల మేడ అని కలిపేయండి. మూడు అంతస్తు బిల్డింగ్ అని మాత్రం రాయొద్దు. డాబా మీది మెట్లగది, వాటర్ ట్యాంకు లెక్కలోకి రావు.

ఇక్కడ జాగ్రత్త. మొత్తం ఎన్ని అనేది వేరు, ఎన్నోది అనేది వేరు. మూడంతస్తుల మేడ అంటే కింది ఇల్లు కూడా కలిపే, మేస్త్రీ దాన్నే జీ ప్లస్ టూ అంటాడు. ఉండవల్లి గుహల్ని నాలుగంతస్తులు అంటాం, అందులోనూ అడుగుది కలిసే ఉంది. కానీ "రెండో అంతస్తు" అనగానే ఒకళ్లు నేల నుంచి లెక్కేస్తారు, ఇంకొకళ్లు లిఫ్టులో 2 నొక్కుతారు. అమెరికాలో ఉండే మనవాళ్లకి నేల మీదదే ఫస్ట్ ఫ్లోర్, వాళ్లతో ఫోన్లో మాట్లాడేప్పుడు ఇంకా తేడా వస్తుంది.

ఓసారి ఓ ఓనరు నేను వద్దన్నా వినకుండా "మొదటి అంతస్తు" అని రాయించాడు, మోకాళ్ల నొప్పులున్న తల్లిని తీసుకుని ఓ అబ్బాయి సామానుతో సహా దిగాడు, తీరా చూస్తే పద్దెనిమిది మెట్లెక్కాలి, ఆవిడ గేటు దగ్గర బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి ఎన్నో అంతస్తో ఒక్కటే రాసి వదలను. "గ్రౌండ్ మీద రెండోది, ముప్పై ఆరు మెట్లు, లిఫ్టు లేదు" అని రాస్తా. రెండే అంతస్తులుంటే కింది వాటా, పై వాటా అంటే చాలు, ఫస్టు సెకండు అనే ఇంగ్లీషు లెక్క కంటే ఇదే నయం, ఎవరూ పొరబడరు.

చివరగా, హోదా అనే అర్థంలో వాడితే "కి" పెట్టండి, మా అంతస్తుకి తగ్గ సంబంధం అన్నట్టు. "వాళ్లు మా అంతస్తులోనే ఉంటారు" అంటే మాత్రం పక్క ఫ్లాట్ అనే అనుకుంటారు.