డయేరియా పేటలోకి సేవకు వెళ్తున్నారా? ముందు డ్రమ్ము ఖాళీ చేయించండి

మొన్న మా పక్క వార్డులో ఒకే వీధివాళ్లు వరసగా వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లకు నీళ్లు మోసిన మా కుర్రాళ్లిద్దరికి మర్నాటికే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో ప్రాణాలు పోయింది కూడా తాగునీటి పైపుల్లో మురుగు కలిసే. వానలు పడితే ఇంకో పేటకు ఈ గతి పట్టవచ్చు.

చేతులు కడుక్కోవాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది డ్రమ్ము గురించి.

ట్యాంకర్ రాగానే జనం బిందెలతో ఎగబడతారు. ఆ హడావిడిలో మనం గుమ్మం ముందున్న నీలం డ్రమ్ములో పైపు పెట్టేస్తాం. అడుగున జానెడు పాత కుళాయి నీళ్లు ఉంటాయి. మంచినీళ్లు వాటి మీద పడ్డాయా, డ్రమ్మంతా చెడినట్టే. అప్పటిదాకా కాచుకుని తాగినవాళ్లు కూడా ట్యాంకర్ నీళ్లే కదా అని చెంబు ముంచుకుని తాగేస్తారు. ఆ ధైర్యం ఇచ్చింది మనమే.

ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "పారబోయకు నాయనా, రెండు రోజులు లైన్లో నిలబడి పట్టుకున్నా" అంది. ఆవిడ బాధ నిజమే. అలాంటప్పుడు వాదించకండి. ఆ నీళ్లు వేరే బకెట్‌లోకి తీసి, మరుగుదొడ్డికి మాత్రమే వాడమని చెప్పండి. డ్రమ్ము లోపల జిగురు పోయేలా తోమి, కడిగి, అప్పుడు నింపండి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాకే తాగాలి. మూత ఉండాలి, ముంచడానికి పొడుగు కాడ గరిటె ఉండాలి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లకు, అదీ కాచి చల్లార్చిన నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపించకండి. విరేచనాలు ఆపే బిళ్లలు మీ చేత్తో ఎవరికీ ఇవ్వకండి.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మనిషి మత్తుగా ఉన్నా, తాగింది తాగినట్టు కక్కుతున్నా 108కి ఫోన్ చేయండి. కలరా అయితే, వైద్యం అందకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

పేటలో ఏమీ తినకండి. టీ కూడా వద్దు. మీ నీళ్లు మీరే తెచ్చుకోండి. కుళాయి నీళ్లతో మజ్జిగ చేసి పంచకండి. శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోవద్దు, సబ్బే వాడండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి, విషవాయువు వస్తుంది. మూతి విప్పి పాతబడిన బ్లీచింగ్ బస్తా తేవద్దు, దానిలో పస ఉండదు. రోగి బట్టలు కుళాయి దగ్గర ఉతకనివ్వకండి. మీకు విరేచనాలు మొదలైతే ఇంటికి వెళ్లిపోండి, తగ్గాక కూడా రెండు రోజులు వంట దగ్గరికి రావద్దు.

ట్యాంకర్ డ్రైవర్ టైమ్ అయిపోతోందని హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. డ్రమ్ము బోర్లించి చూశాకే పైపు వదలండి.