శేషాచలం అరుదైన మొక్కలపై తొలి పరిశోధనకు దారి

ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం ముగించి అరుదైన మొక్కల సంరక్షణలోకి రాదలచినవారు ముందుగా ఒకే జాతిని ఎంచుకోవాలి. ఉదాహరణకు, 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం కొండల్లోని సైకస్ బెడ్డోమీ అనే అరుదైన మొక్క జాతిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి కనుక, ఏ చోట ఏవి ఎన్ని ఉన్నాయో, సమీపంలో మొలకలు కనిపిస్తున్నాయో లేదో నమోదు చేయడమే మంచి తొలి ప్రశ్న అవుతుంది. పునరుత్పత్తి భాగాలు రానిదే ఆ తేడా తెలియదు, ఓపిక తప్పదు.

తరువాత హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ రంగంలో పనిచేసేవారికి, అవకాశం అడగడానికి ముందే మీ ప్రశ్నను వివరిస్తూ చిన్న లేఖ రాయండి. మార్గదర్శి దొరికేది సాధారణంగా అలాగే. ఫెలోషిప్ కోసం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు సిద్ధమవుతూనే, తాత్కాలిక ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలనూ గమనించండి. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా క్షేత్రపర్యటన చేయరాదు. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న ఈ సైకస్ జాతి మొక్కలున్న కచ్చితమైన స్థానాలను బహిరంగపరచరాదు.