చందాదారులు లేకుండానే కోర్సు అమ్ముడుపోయిన విధం: నా అనుభవం

చిన్న వ్యాపారుల దగ్గర పద్దులు రాసే గుమాస్తాల కోసం జీఎస్టీ రిటర్నుల దాఖలుపై తెలుగులో ఒక ఆన్‌లైన్ కోర్సు రూపొందించాను. నాకు యూట్యూబ్ ఛానల్ గానీ, పదిమందిలో పేరు గానీ లేకపోవడంతో ప్రకటనలకు పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ముందుగా డబ్బు ఎవరు కడతారు?

అందుచేత జనాన్ని పోగుచేసుకునే ఆలోచన పక్కనపెట్టి, ఆ పని చేసేవారు ఇప్పటికే కూడి ఉన్న చోటు వెతికాను. మా పట్టణంలోని ఒక పన్ను సలహాదారు తన ఖాతాదారుల వాట్సాప్ గ్రూపులోని వారికి నేను ఉచితంగా జూమ్ పాఠం చెప్పడానికి అంగీకరించారు. పాఠానికి ఎంచుకున్న సమయమే అసలు కీలకం. నెలవారీ రిటర్ను వేసేవారికి మరుసటి నెల 14న జీఎస్టీఆర్-2బి (అమ్మినవారు చూపిన బిల్లుల ఆధారంగా వచ్చే కొనుగోళ్ల పన్ను జాబితా) వస్తుంది, 20లోగా జీఎస్టీఆర్-3బి (ఆ నెల పన్ను లెక్క తేల్చే రిటర్ను) దాఖలు చేయాలి. ఈ మధ్య రోజుల్లోనే కొనుగోలు పద్దుకూ 2బికీ పొంతన కుదరక తల పట్టుకుంటారు. హాజరైన ఒకరి పద్దునే, ఆయన అనుమతితో, పేర్లు తీసేసి ఎక్సెల్‌లో తెరిచాను. అమ్మినవారు బిల్లు నంబరును ‘0045’ అని చూపగా, పద్దులో ‘45’ అని ఉండటం వల్ల రెండు జాబితాలను పోల్చి వెతికే వీలుకప్ (VLOOKUP) సూత్రం ఆ బిల్లును పట్టుకోలేకపోయింది. జీఎస్టీఐఎన్ (అమ్మినవారి జీఎస్టీ నమోదు సంఖ్య), తేదీ, పన్ను మొత్తం కలిపి సరిచూడగానే లెక్క కుదిరింది.

ఆ పాఠం చివర్లోనే కోర్సు ధర చెప్పి, యూపీఐ క్యూఆర్ కోడ్ చూపాను. తొలి చెల్లింపులు అప్పుడే వచ్చాయి. వాటికంటే మేలైనది, ఆ సలహాదారు తన కార్యాలయ సిబ్బంది అందరికీ కలిపి కొనడం. (కమీషన్ ఇస్తానన్నా వద్దన్నారు, సిబ్బందికి నేర్పే శ్రమ తప్పితే చాలన్నారు.) ఇప్పుడు విడి విద్యార్థుల కంటే ఇలాంటి కార్యాలయాలకే ముందుగా ఫోన్ చేస్తున్నాను, అదీ దాఖలు హడావిడి తగ్గే 20వ తేదీ దాటాకే.