మార్చి 31 హడావిడికి ముందు: ఆఫీసు ఫైల్, ప్రింటర్ షేరింగ్ జాగ్రత్తలు

బెంగళూరులో ఐదారు కంప్యూటర్లతో నడిచే అకౌంట్స్ ఆఫీసులకు నెలాఖర్లో షేరింగ్ ఆగితే పనంతా ఆగినట్టే. ఈ వారమే చూసుకోండి.

• రౌటర్‌లో 445 పోర్టు (విండోస్ ఫైల్ షేరింగ్ వాడే దారి) ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంటే వెంటనే మూసేయండి. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఆ షేరింగ్ పద్ధతి పాత రూపమైన ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. ఇంటి నుంచి ఫైళ్లు కావాలంటే వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టుకోండి.

• షేర్ ఫోల్డర్ బ్యాకప్ తీశాక ఆ డిస్కు తీగ పీకేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

• పాత ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌కు తగిలించే ఫైళ్ల డిస్కు పెట్టె) ఉంటే విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌ను ముందు ఒక్క మెషీన్‌లోనే వేసి చూడండి. ప్రో ఎడిషన్‌లో గెస్ట్ లాగిన్ (పాస్‌వర్డ్ లేకుండా తెరవడం) పనిచేయదు, సైనింగ్ (పంపే డేటాకు డిజిటల్ సంతకం) తప్పనిసరి. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ ఇవాళ తెరుచుకోదు. ఎన్‌ఏఎస్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. దయచేసి ఎస్‌ఎంబీ1 మాత్రం ఆన్ చేయకండి.

• ప్రింటర్‌కు రౌటర్‌లోనే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) రిజర్వ్ చేయండి. కరెంటు పోయి వచ్చాక అడ్రస్ మారితే అందరికీ ‘ఆఫ్‌లైన్’ అనే చూపిస్తుంది. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్సే రాలేదన్నమాట. ముందు కేబుల్ మార్చి చూడండి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో చవకే.

• విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ‘ప్రైవేట్’లో ఉండాలి. ‘పబ్లిక్’ అయితే ఫైర్‌వాల్ షేరింగ్‌ను ఆపేస్తుంది.

• లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి. ఫ్యూజర్ (టోనర్‌ను కాగితానికి అతికించే భాగం) వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అయితే, ఫైళ్లున్న మెషీన్ కూడా ఆరిపోతుంది.