రోజుకో ఇంగ్లీషు మాట

జమ్మికుంట నుంచి కాజీపేటకు రోజూ రైల్లో వెళ్లొస్తాను. పోటీ పరీక్షల కోసం రోజుకు యాభై మాటలు బట్టీ పట్టినప్పుడు, వారం తిరిగేసరికి నాలుగు కూడా మిగిలేవి కావు. ఇప్పుడు రోజుకు ఒక్కటే.

మాట దొరకగానే దాని పుట్టుక చూడండి. అసలు పట్టు అక్కడే ఉంది. ‘పెట్రికోర్’ అంటే ఎండిన నేల మీద వాన పడగానే లేచే వాసన. 1964లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. గ్రీకులో ‘పెట్రా’ అంటే రాయి, ‘ఐకోర్’ అంటే దేవతల ఒంట్లో రక్తంలా పారేది. మృగశిర కార్తెలో మా పత్తి చేను గట్టు మీద నిలబడి, ఆ వాసన పీలుస్తూ, ఆ మాట పైకే అన్నాను. ఇక మరిచిపోలేదు.

తర్వాత తెలుగు జోడీ వెతకండి. నా నోటుబుక్కులో ‘గ్లోమింగ్’ పక్కన ‘మునిమాపు’ అని ఉంటుంది. ‘బ్యాండికూట్’కైతే వెతకనక్కర్లేదు, అది మన పందికొక్కే! ఆ సంగతి తెలిసిన రోజు ఇంటికి వెళ్లగానే అమ్మకు చెప్పాను.

ఉచ్చారణ ఫోన్లో వినండి. అదే రోజు సొంత వాక్యం ఒకటి రాయండి, నిఘంటువులోది వద్దు. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత అర్థాన్ని అరచేత్తో మూసి గుర్తు తెచ్చుకోండి. ఇంటర్వ్యూల్లో మాత్రం వీటిని ఇరికించకండి, ఎదుటివాళ్లకు అర్థం కావడమే ముఖ్యం. నేనైతే డైరీలో వాడతాను.